అబద్ధపు సాక్ష్యం అంటే ఏమిటి? సాక్షి తెలుసుకోవాల్సిన కొన్ని కోర్టు మాటలు

"కేసు కొట్టేస్తే మిమ్మల్నే లోపలేస్తారు." అట్రాసిటీ కేసులో సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడిన వాళ్లకు ఊళ్లో తరచూ వినిపించే బెదిరింపు ఇది. పరిశోధన పని మీద కోర్టు వరండాల్లో కూర్చున్నప్పుడు, ఈ ఒక్క మాటకే వెనక్కి తగ్గిన వాళ్లు మాకు ఎదురయ్యారు. చట్టంలో ఉన్నది వేరు.

ప్రమాణం చేసి, అబద్ధమని తెలిసి చెప్పడం, లేదా నిజమని తనకే నమ్మకం లేనిదాన్ని నిజమని చెప్పడం అబద్ధపు సాక్ష్యం. అఫిడవిట్‌లో రాసి సంతకం పెట్టినా అంతే. పాత ఐపీసీలో ఇది 191, 193 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 227, 229. కోర్టు విచారణలో అయితే ఏడేళ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా. ఇక్కడ 'తెలిసి' అన్న మాటే కీలకం. ఎనిమిదేళ్ల కిందటి సంఘటనలో ఎవరు ముందు కొట్టారో, కర్రా గొడ్డలా అన్నది సరిగా గుర్తులేకపోవడం నేరం కాదు. "గుర్తు లేదండీ" అన్నది కోర్టులో చెల్లే జవాబే.

ప్రమాణం గురించి ఒక మాట. సినిమాల్లో చూపించినట్టు భగవద్గీత మీద చెయ్యి వేయనక్కర్లేదు. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు ఎత్తకుండా నిజమే చెబుతానని చెప్పినా సరిపోతుంది. బోనెక్కేటప్పుడు ఆ మాట కోర్టు సిబ్బందికి చెబితే చాలు.

ఇక కేసు ఎవరు పెట్టగలరు? అవతలి పక్షం నేరుగా స్టేషనుకు వెళ్లి, కోర్టులో అబద్ధం చెప్పారని మీ మీద ఈ కేసు నడిపించలేదు. పౌర సురక్షా సంహిత 215, 379 సెక్షన్ల ప్రకారం (పాత 195, 340) ఆ కోర్టే ముందుకు రావాలి. వాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతే. న్యాయం కోసం ఇది అవసరమని కోర్టు అనుకుంటేనే రాతపూర్వకంగా మేజిస్ట్రేటుకు ఫిర్యాదు పంపుతుంది. తీర్పు చెప్పేటప్పుడు అదే కోర్టు సంక్షిప్తంగా విచారించి మూడు నెలల వరకు శిక్ష వేసే దారి కూడా ఉంది, కానీ అప్పుడూ సాక్షికి తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి.

కేసు కొట్టేయడం అంటే సాక్షులు అబద్ధమాడారని తేల్చడం కాదు. నేరం అనుమానానికి తావులేకుండా రుజువు కాలేదని మాత్రమే. చుండూరునే చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అవే సాక్ష్యాలు, రెండు తీర్పులు.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. పోలీసులు రాసుకునే వాంగ్మూలాన్ని '161 స్టేట్‌మెంట్' అంటారు (ఇప్పుడు సెక్షన్ 180). అందులో ప్రమాణం ఉండదు, సాక్షి సంతకం తీసుకోకూడదు. దానికీ కోర్టులో చెప్పినదానికీ తేడా ఉంటే అవతలి వకీలు క్రాస్‌లో పట్టుకుంటాడు. అంత మాత్రాన సాక్షి అబద్ధం చెప్పినట్టు కాదు. '164 స్టేట్‌మెంట్' (ఇప్పుడు 183) మాత్రం మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి ఇచ్చేది. తర్వాత సెషన్స్ కోర్టులో దానికి పూర్తి విరుద్ధంగా చెబితే, ప్రమాణం చేసి చెప్పిన రెండింటిలో ఏది అబద్ధం అన్న ప్రశ్న వస్తుంది.

రాజీలు జరిగేది ఇక్కడే. అట్రాసిటీ చట్టం కింది నేరాలు రాజీకి వీలున్న నేరాల జాబితాలో లేవు. అందుకే పెద్దమనుషులు కాగితం మీద రాజీ రాయించరు, సాక్షి చేత "నేను చూడలేదు" అనిపిస్తారు. అప్పుడు పీపీ కోర్టు అనుమతితో తన సాక్షినే క్రాస్ చేస్తారు. దాన్నే హోస్టైల్ అవడం అంటారు. ముద్దాయి ఇంటికి వెళ్తాడు. ప్రమాణం చేసి మాట మార్చిన భారం కూలి మనిషి మీద పడుతుంది. రాజీ కుదిర్చిన వాడి పేరు రికార్డులో ఎక్కడా ఉండదు. మా దృష్టిలో దీన్ని సాక్షి బలహీనతగా మాత్రమే చూడటం అన్యాయం.

చట్టం అవతలి వైపూ చూస్తుంది. ఎస్సీ, ఎస్టీలను మరణశిక్ష పడే కేసులో ఇరికించాలని ఇతర కులాల వాళ్లు తప్పుడు సాక్ష్యం చెబితే 1989 చట్టం సెక్షన్ 3(2)(1) కింద యావజ్జీవమే. తప్పుడు కౌంటర్ కేసులు పెట్టి వేధించడం కూడా సెక్షన్ 3 కింద నేరమే. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న 15ఎ ప్రకారం సాక్షికి రక్షణ, దారి ఖర్చులు అడిగే హక్కు ఉంది. వాయిదాకు పోయిన రోజు కూలి పోయిందని ఊరుకోకండి. 1995 నిబంధనల్లో 11వది చూపించి భత్యం అడగండి.

చివరిగా, వాంగ్మూలం. జడ్జి చెబుతుంటే అది చాలాసార్లు ఇంగ్లీషులో టైపవుతుంది, సాక్షి కింద సంతకం పెట్టి దిగిపోతాడు. రాసినదాన్ని సాక్షికి చదివి వినిపించాలని, అర్థం కాని భాషలో ఉంటే అర్థమయ్యే భాషలో చెప్పాలని సెక్షన్ 313 (పాత 278) అంటుంది. తప్పు ఉంటే సవరించమని అడగవచ్చు. జడ్జి ఒప్పుకోకపోయినా సాక్షి అభ్యంతరాన్ని నోట్ చేయాల్సిందే. సంతకానికి ముందే "చదివి వినిపించండి సార్" అని అడగండి.