గేటు బయట ఎవరున్నారు?

'మొక్కై వంగనిది మానై వంగునా' అంటూ మన పెద్దవాళ్లు పిల్లల వీపులు చిట్లగొట్టేవారు. సామెతలో తప్పేం లేదు గానీ, వంచడమంటే విరవడమని ఎవరు చెప్పారండీ? నేరం చేసిన పిల్లల విషయంలో ఈ తేడా ఒంటబట్టడానికి మన దేశానికి నూరేళ్ల పైనే పట్టింది.

మొదటి అడుగు 1850లో పడింది. దిక్కులేని పిల్లల్నీ, చిల్లర తప్పులు చేసి దొరికినవాళ్లనీ ఎవరైనా పనివాడి దగ్గర చేర్చి వృత్తి నేర్పించమంది అప్రెంటిస్ చట్టం. తర్వాత రిఫార్మేటరీ స్కూళ్లు వచ్చాయి. 1897 చట్టం ప్రకారం 15 ఏళ్లలోపు మగపిల్లవాణ్ణి 3 నుంచి 7 ఏళ్ల దాకా అందులో ఉంచవచ్చు. ఆడపిల్ల ఊసే లేదు! ఆడపిల్లలు తప్పు చెయ్యరనా, చేస్తే బాగుచెయ్యక్కర్లేదనా?

1920లో మద్రాసు రాష్ట్రం దేశంలోనే మొదటిసారిగా బాలల చట్టం చేసింది. కోస్తా, రాయలసీమ అప్పుడు అందులోవే కనుక అది మనకీ వర్తించింది. హైదరాబాదు రాష్ట్రంలో 1951లో వచ్చింది. ఇలా ఏ రాష్ట్రం చట్టం దానిదే. కొన్నిచోట్ల చట్టమైతే చేశారు గానీ అమల్లో పెట్టలేదు, పట్టుచీర కొని బీరువాలో దాచినట్టు.

ఆ బీరువా తెరిపించింది ఓ స్త్రీ అని చెప్పుకోవడం నాకు కాస్త గర్వంగానే ఉంటుంది. పత్రికా రచయిత్రి షీలా బర్సే జైళ్లలో ఉన్న పిల్లల తరఫున సుప్రీంకోర్టు కెక్కారు. పిల్లల్ని జైల్లో పెట్టవద్దనీ, జిల్లా జడ్జీలు స్వయంగా జైళ్లకి వెళ్లి చూడాలనీ, దేశమంతటికీ ఒకే చట్టం కావాలనీ 1986లో కోర్టు చెప్పింది. జువెనైల్ జస్టిస్ చట్టం ఆ ఏడే వచ్చింది. మగపిల్లలకి 16, ఆడపిల్లలకి 18 ఏళ్లు హద్దు. 2000 నాటి చట్టం ఇద్దరికీ 18 చేసింది.

2012 నాటి ఢిల్లీ ఘోరం తర్వాత, 16 నిండినవాడు ఘోరనేరం చేస్తే పెద్దవాళ్లలాగే విచారించే వీలు 2015 చట్టం కల్పించింది. ఆ కోపం నాకు అర్థం కాకపోలేదు. అయినా ఆ చట్టమే, వాడికి ఉరి గానీ, విడుదల ఆశలేని యావజ్జీవం గానీ వెయ్యకూడదంది. అంటే ఏమిటి? వాడు ఎప్పటికో ఒకప్పటికి మన మధ్యకే రావాలి.

మరి ఆ రాకకి మనం సిద్ధంగా ఉన్నామా? పిల్లల చట్టాలు సరిగా అమలు కావడం లేదని సంపూర్ణా బెహురా 2005లో సుప్రీంకోర్టులో కేసు వేశారు. ఖాళీలు నింపండి, హోముల్ని తనిఖీ చేయించండి అంటూ రాష్ట్రాలకి తీర్పు వచ్చింది 2018లో. కేసు వేసిననాడు అయిదేళ్లున్న పసివాడు, తీర్పు వచ్చేసరికి చట్టం లెక్కలో పెద్దవాడైపోయాడు!

ఎన్ని హోములు కట్టాం, ఎన్ని బోర్డులు వేశామని ప్రభుత్వాలు లెక్కలు చెబుతాయి. చెప్పనివ్వండి. నన్నడిగితే చూడాల్సిన లెక్క వేరే ఉంది. 18 నిండి హోము విడిచేవాడికి ఆర్థిక సాయం చెయ్యవచ్చని 2015 చట్టంలోనే ఉంది. ఆ డబ్బు వాడి చేతికి అందిందా? వాడి ఇంటి సంగతి తెలిసిన ప్రొబేషన్ ఆఫీసరు ఒక్కరైనా ఉన్నారా? గేటు తెరిచిన రోజున బయట వాడి కోసం ఎవరు నిలబడ్డారు?

పాత స్నేహితులు మాత్రం వేళకే వస్తారండీ. వాళ్లకి ఏ జీవో అక్కర్లేదు.