రెండు సెకన్ల గడువు: చంద్రుడి మీదకి దిగిన లూప్ కథ

లూప్‌లో ఒక్కో చుట్టుకీ ఇంత టైమ్ అని గడువు పెట్టుకుంటాం. ఒక చుట్టు ఆ గడువులో పూర్తవకపోతే ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న మీద ఇద్దరి ప్రాణాలు ఆధారపడిన రోజు ఒకటుంది. ఈ ఎపిసోడ్‌లో 1969 జూలై 20కి వెళ్దాం.

ఆ రోజు ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ ఈగిల్‌లో చంద్రుడి మీదకి దిగుతున్నారు. అందులోని గైడెన్స్ కంప్యూటర్‌ని ఎంఐటీ ఇన్‌స్ట్రుమెంటేషన్ లాబొరేటరీ రూపొందించింది. మార్చి రాసుకోగలిగే మెమరీ 2048 వర్డ్‌లు, అంతే! దిగేటప్పుడు 'సర్వీసర్' అనే పని ప్రతి 2 సెకన్లకీ మొదలవ్వాలి. వేగం ఎంత మారిందో చూడటం, ఎక్కడున్నామో లెక్కకట్టడం, ఇంజన్‌ని ఎంత మండించాలో చెప్పడం దాని పని.

మామూలుగా అది గడువులోపే అయిపోతుంది. కానీ ఆ రోజు, దిగడానికి అవసరం లేని ఇంకో రాడార్ ఆన్‌లో ఉంది. కరెంటు సరఫరాల మధ్య పొంతన కుదరక, దాని నుంచి పనికిరాని పల్సులు ఆగకుండా వచ్చాయి. ఒక్కో పల్సూ కంప్యూటర్ టైమ్‌లో చిటికెడు తినేసింది. అన్నీ కలిపితే 15 శాతం దాకా పోయింది.

ఇక్కడే అసలు చిక్కు. గడియారం ఆగదు కదా! పాత సర్వీసర్ పూర్తవకముందే కొత్తది మొదలైంది. పూర్తికానివి మెమరీలో తమ చోటు పట్టుకునే కూర్చున్నాయి. చోటు అయిపోయింది. 1202 అలారం మోగింది.

అప్పుడు కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అయింది. కానీ అన్నీ మర్చిపోలేదు. ముఖ్యమైన పనులు ఎంతవరకు వచ్చాయో ముందే గుర్తు పెట్టి ఉంచారు. పేరుకుపోయినవన్నీ పారేసి, దిగడానికి కావలసినవి మాత్రం ఆ గుర్తు దగ్గర్నించి అందుకుంది. ఏ పని ముందు, ఏది తర్వాత అని ప్రాధాన్యం చూసే ఈ ఏర్పాటుకి మూలం హాల్ లానింగ్ ఆలోచన.

భూమ్మీద కూడా అలాంటి ముందుచూపే. అంతకుముందు ఒక సిమ్యులేషన్‌లో ఇలాంటి అలారానికి ప్రయోగం ఆపేశారు. ఆపక్కర్లేదని తర్వాత తేలింది. దాంతో 24 ఏళ్ళ జాక్ గార్మన్ ఏ అలారానికి ఏం చెయ్యాలో జాబితా రాసిపెట్టుకున్నాడు. అందుకే అసలు రోజున అతనూ, 26 ఏళ్ళ స్టీవ్ బేల్స్ క్షణాల్లో 'ముందుకెళ్ళొచ్చు' అనగలిగారు. మొత్తం ఐదు అలారాలు మోగాయి. ఈగిల్ దిగింది.

కంప్యూటర్ ఫెయిలైందని చాలామంది ఈ కథ చెప్తారు. నేనైతే ఒప్పుకోను. గడువు తప్పిన లూప్‌ని ఎలా సంభాళించాలో అది చేసి చూపించింది.

మన ప్రోగ్రాముల్లో చుట్టు చివర టైమ్ చూసుకునే షరతు ఒకటి రాసి ఊరుకుంటాం. మరి చుట్టు మధ్యలోనే ఇరుక్కుపోతే? ఆ షరతు దాకా అసలు రాదు. కాపలా బయట నుంచి ఉండాలి. ఆ కంప్యూటర్‌లోనూ, ప్రోగ్రామ్ ఎక్కడైనా ఇరుక్కుపోతే రీస్టార్ట్ చెయ్యడానికి 'నైట్ వాచ్‌మన్' అనే సర్క్యూట్ విడిగా ఉండేది. ఇక ఆపాక ఏది వదిలెయ్యాలి, ఏది దాచుకోవాలి, ఎక్కడ్నించి అందుకోవాలి? ఇవి ముందే తేల్చుకోకపోతే టైమ్ లిమిట్ అంటే పనిని సగంలో నరికెయ్యడమే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.