ఉపహార్: ఒక టికెట్, 59 ప్రాణాలు, 85 శాతం బాధ్యత

ముందు ఒక చిన్న ప్రశ్న. మొన్న సినిమాకి వెళ్లినప్పుడు ఎమర్జెన్సీ డోర్ ఎక్కడుందో చూశారా? నేనైతే చూడలేదు. పాప్‌కార్న్ కౌంటర్ మాత్రం వెంటనే కనిపించింది.

1997 జూన్ 13, శుక్రవారం. ఢిల్లీ గ్రీన్ పార్క్‌లోని ఉపహార్ థియేటర్. 'బోర్డర్' సినిమా ఆ రోజే రిలీజ్, మ్యాట్నీ నడుస్తోంది. కింద పార్కింగ్ పక్కన ఢిల్లీ విద్యుత్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. పొద్దున్నే అందులో మంటలొస్తే పైపైన రిపేర్ చేసి వెళ్లిపోయారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, టెస్ట్ చేయకుండా పెట్టిన హాట్‌ఫిక్స్. సాయంత్రం 5 ప్రాంతంలో మళ్లీ అంటుకుంది. ఆయిల్ కారి కార్లకి పాకింది, పొగ మెట్ల మీదుగా బాల్కనీకి ఎక్కింది.

చనిపోయింది 59 మంది, 100 మందికి పైగా గాయపడ్డారు. ఎక్కువ మందిని చంపింది మంట కాదు, పొగ. బయటికి రాలేకపోయారు. ఎందుకంటే ఎక్కువ టికెట్లు అమ్మడానికి అదనపు సీట్లు వేసి కుడివైపు నడిచే దారి మూసేశారు. ఓనర్ల ఫ్యామిలీ బాక్స్ కోసం ఒక ఎగ్జిట్ పోయింది. ప్రమాదం గురించి సరైన అనౌన్స్‌మెంట్ కూడా లేదు.

ఇక్కడే అసలు లా పాయింట్. ఓనర్ల వాదన ఏంటంటే, "ట్రాన్స్‌ఫార్మర్ మాది కాదు కదా!" నిజమే. కానీ దారులు మూసింది ఎవరు? డబ్బు తీసుకుని జనాన్ని లోపలికి పిలిచినవాడు, వాళ్లు క్షేమంగా బయటికి వెళ్లే దారి కూడా చూడాలి. 2011లో సుప్రీంకోర్టు పరిహారంలో 85 శాతం థియేటర్ మీద, 15 శాతం విద్యుత్ బోర్డు మీద వేసింది.

కానీ అదే తీర్పులో పరిహారం తగ్గింది. 2003లో ఢిల్లీ హైకోర్టు 20 ఏళ్లు దాటిన మృతులకి 18 లక్షలు, చిన్నవాళ్లకి 15 లక్షలు ఇవ్వమంది. సుప్రీంకోర్టు వాటిని 10 లక్షలు, ఏడున్నర లక్షలు చేసింది. శిక్షగా వేసిన రెండున్నర కోట్లు 25 లక్షలకి దిగింది.

క్రిమినల్ కేసు ఇంకో కథ. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐపీసీ 304ఏ కింద అప్పట్లో గరిష్ఠ శిక్ష రెండేళ్లే. 2015లో సుప్రీంకోర్టు అన్నదమ్ములైన ఇద్దరు ఓనర్లనీ చెరో 30 కోట్లు కట్టమని, అప్పటిదాకా గడిపిన జైలు చాలంది. 2017లో ఒకరిని వయసు చూసి వదిలేసి, ఇంకొకరిని ఏడాది శిక్ష పూర్తి చేయమంది. అంతటితో అయిపోలేదు. కోర్టు ఫైళ్లలో సాక్ష్యాలు తారుమారు చేశారని 2021లో మళ్లీ దోషులుగా తేలారు.

ఇన్నేళ్లు ఈ కేసుని వదలనిది ఎవరో తెలుసా? నీలమ్, శేఖర్ కృష్ణమూర్తి. ఆ షోకి వెళ్లిన వాళ్ల పిల్లలిద్దరూ తిరిగి రాలేదు. పాపకి 17, బాబుకి 13. మిగతా బాధిత కుటుంబాలతో కలిసి ఒక సంఘం పెట్టి పోరాడారు. ఓటీటీలో 'ట్రయల్ బై ఫైర్' చూసుంటే, అది వీళ్ల కథే.

2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో ఆ గరిష్ఠ శిక్ష ఐదేళ్లయింది. మంచిదే. కానీ చట్టం వచ్చేది ప్రమాదం జరిగాక. డోర్ తెరిచి ఉండాల్సింది ప్రమాదం జరిగేటప్పుడు. అందుకే ఈసారి థియేటర్‌కో, పబ్‌కో, హోటల్‌కో వెళ్తే కూర్చునే ముందు ఒక్కసారి ఎగ్జిట్ చూడండి. తాళం వేసి ఉంటే మేనేజర్‌ని అడగండి. మొహమాటపడొద్దు. టికెట్ కొన్నారు, అడిగే హక్కు మీది.