కరివేపాకు కోసిన చేతులు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. పెరటి చెట్టుకీ, ఇంటి ఆడమనిషికీ మన సమాజం ఇచ్చిన విలువ ఒకటేనని ఈ సామెత చెప్పకనే చెబుతుంది. ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంటుంది కాబట్టి దానికి గౌరవం లేదు. కానీ ఒక మొక్కలో ఏ భాగాన్ని, ఏ నెలలో, ఎంత లేతగా ఉన్నప్పుడు, మొక్క చావకుండా ఎలా కోసుకోవాలన్నది చిన్న విద్య కాదు. దాన్ని రాసిపెట్టినవాళ్ళు తక్కువ. రోజూ చేసినవాళ్ళు మాత్రం తరతరాలుగా ఉన్నారు.

మా కావలి వైపు పెరళ్ళనే చూడండి. మునగచెట్టుకి ఆకు, పువ్వు, కాయ మూడూ తినేవే. పువ్వంతా దులుపుకుంటే కాయ ఉండదు. అందుకే ఏది ఎంత తీసుకోవాలో చూసుకోవాలి. గుమ్మడిపాదులో లేతాకు, పువ్వు, కాయ, గింజ అన్నీ పనికొస్తాయి. పువ్వు కోసేటప్పుడు అడుగున పిందె లేని మగపువ్వునే కోస్తారు, అదీ కొన్ని పాదుకే వదిలేసి. తోటకూర తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. ముదిరిన కాడ పులుసులోకి పోతుంది. అరటిగెల కోసుకున్నాక మానులోంచి దూట తీస్తారు. చేమకి దుంప ఒక కూర, ఆకు ఇంకో కూర. చింతపండు పులుపు తగలకపోతే ఆ ఆకు గొంతు దురద పెడుతుంది. బీరకాయ చెక్కు కూడా పచ్చడవుతుంది. చిగురు, లేత, పిందె, దోర, ముదురు... ఈ మాటలన్నీ ఒక్కొక్కటీ ఒక్కో నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. అయినా దాన్ని ‘పొదుపు’ అన్నారు, ‘చేతి చలువ’ అన్నారు గానీ జ్ఞానం అనలేదు.

ఇంతవరకూ మనం తేలిగ్గానే ఒప్పుకుంటాం. అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. పెరడు ఎవరికుంది? పెరడంటే సొంత స్థలం, బావి, కంచె. అవి లేని స్త్రీల దగ్గర మొక్కల జ్ఞానం లేదా? ఈ ప్రశ్నకి కావలి చరిత్రలోనే ఒక జవాబుంది.

ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణభారత కులాలు, తెగల సంపుటాల్లో ఎరుకల వారిలోని శాఖల పేర్లున్నాయి. వాటిలో ఉప్పు ఎరుకల ఒకటి, కరివేపాకు ఎరుకల ఒకటి. ఏది అమ్ముకుని బతికితే ఆ పేరు. ఉప్పు వాళ్ళు తీరం నుంచి మెట్ట ప్రాంతాలకి పశువుల మీద ఉప్పు మోసుకెళ్ళి ధాన్యం తెచ్చేవాళ్ళు. కరివేపాకు వాళ్ళు ఆకు కోసి ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. మన యక్షగానాల్లో ఎరుకలసాని వస్తుంది, సోదె చెబుతుంది, పోతుంది. ఆమె బుట్ట గురించీ, బుట్టలో ఏముందన్న దాని గురించీ మన సాహిత్య చరిత్ర పెద్దగా అడగలేదు.

రైళ్ళు వచ్చాయి. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది. 1876-78 ధాత కరువు మనుషుల్నీ పశువుల్నీ మింగింది. 1882 మద్రాసు అటవీ చట్టం ఆకు కోసుకోవడానికీ వెదురు కొట్టుకోవడానికీ అడ్డొచ్చింది. తిరిగి బతికే దారులు ఇలా ఒక్కొక్కటీ మూసుకుపోయాక, తిరగడమే నేరమైంది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నమోదైన వాళ్ళు హాజరు వేయించుకోవాలి. అనుమతి లేకుండా హద్దు దాటకూడదు. తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని వేరుచేసే అధికారాన్ని కూడా ఆ చట్టం ప్రభుత్వానికిచ్చింది. ఆ చట్టం కిందే కావలిలో ఎరుకల సెటిల్‌మెంటు ఏర్పడింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున బాడెన్ దాన్ని నడిపాడు. మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన పుస్తకం ఈ చరిత్రను వివరంగా విప్పింది. కావలి అంటే కాపలా. ఆ మాట వీళ్ళ విషయంలో అక్షరాలా నిజమైంది.

ఇప్పుడు కరివేపాకు దగ్గరికి రండి. రెమ్మ కోస్తే ఎక్కువ సేపు నిలవదు, వాడిపోతుంది. లేతగా కోయాలి, వెంటనే గడప గడపకీ చేర్చాలి. కోయడమెంత విద్యో, నడవడమూ అంత విద్యే. హద్దు దాటకూడదన్న చట్టం ఆ విద్యను సగానికి నరికేసింది. అంతకన్నా పెద్ద అన్యాయం ఇంకోటుంది. కంచె లోపల గృహిణి రెమ్మ తుంచితే ఇల్లాలి నేర్పు. కంచె బయట ఎరుకల స్త్రీ తుంచితే దొంగతనం. చెట్టు అదే, కోసే పద్ధతి అదే. మారింది కులమూ, స్థలం మీద హక్కూ. స్త్రీల జ్ఞానం అని మనం ఒకే మాటగా అంటున్నప్పుడు ఈ కంచె కనబడకుండా పోతోంది.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. కానీ 1948కల్లా మద్రాసులో అలవాటు నేరస్థుల పేరుతో ఇంకో చట్టం వచ్చేసింది. ముద్ర మాత్రం చట్టం పుస్తకాల్లోంచి జనం నోళ్ళలోకి మారి నిలిచిపోయింది.

‘కూరలో కరివేపాకులా తీసేశారు’ అని మనం తరచూ వాపోతుంటాం. కథల్లో రాసుకున్నాం, సభల్లో చెప్పుకున్నాం. నిజమే, వాసన తీసుకుని పక్కన పెట్టడం స్త్రీలందరి అనుభవం. కానీ ఆ పోలికలో కూడా ఆకు గురించే మాట్లాడాం, ఆకు తెచ్చినామెను మర్చిపోయాం. సెటిల్‌మెంట్ల గురించి మనకు దొరికే రాతలు ఎక్కువగా అధికారులవీ, మిషనరీలవీ. వాటిలో హాజరు పట్టీ ఉంటుంది గానీ, ఏ రెమ్మ ఎక్కడ తుంచాలో తెలిసిన మనిషి గొంతు వినిపించదు. మన అమ్మమ్మల పెరటి విద్యను రాసుకోవాల్సిందే. దాంతోపాటు పెరడు లేని అమ్మమ్మల దగ్గరికీ వెళ్ళి, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. లేకపోతే మనం రాసే వంటింటి చరిత్ర కూడా కంచె లోపలి చరిత్రే అవుతుంది.