సీత–అనసూయ: రెండు గొంతులు, పేరులేని వేల గొంతులు

పాట చరిత్ర రాసేవారు సాధారణంగా పాట రాసినవారి చరిత్ర రాస్తారు. పాడినవారి చరిత్ర రాయడం అరుదు. ఆ పాట ఏ పని మధ్య పుట్టిందో, ఎవరి నోట పుట్టిందో, ఎవరెవరి చేతుల మీదుగా మన దాకా వచ్చిందో రాయడం మరీ అరుదు. ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు జానపద గేయం పొలంగట్టు మీది నుంచి గ్రామఫోను రికార్డులోకి, అక్కడి నుంచి రేడియోలోకి, చివరికి సినిమాలోకి ప్రయాణించింది. ఆ ప్రయాణాన్ని పరిశీలించదలచిన వారికి వింజమూరి సోదరీమణులు సీత, అనసూయల కళాజీవితం కంటే మంచి ఆధారం మరొకటి లేదని నా అభిప్రాయం.

కాకినాడలో పుట్టి, మద్రాసులో పేరు తెచ్చుకున్న గాయనుల గురించి హనుమకొండలో కూర్చుని రాయడమేమిటని ఎవరైనా అడగవచ్చు. వారి ప్రయాణంలో ఒక ముఖ్యమైన మజిలీ తెలంగాణ రైతాంగ పోరాట గాథ. అక్కడికి చేరేసరికి జానపద గేయం గురించి మనం వాయిదా వేస్తూ వచ్చిన ఒక ప్రశ్న ఎదురవుతుంది. అందుకే ఈ వ్యాసం.

అనసూయాదేవి 1920 మే 12న కాకినాడలో జన్మించారు. తండ్రి వింజమూరి వెంకట లక్ష్మీనరసింహారావు పండితుడు, రంగస్థల నటుడు. తల్లి వెంకటరత్నమ్మ ‘అనసూయ’ అనే స్త్రీల పత్రిక నడిపిన రచయిత్రి. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రి. ఇంట్లో నాటకం, పత్రిక, భావకవిత్వం మూడూ ఉన్నాయి. అనసూయ చిన్నతనంలోనే గ్రామఫోను రికార్డు ఇచ్చారు, హార్మోనియం మీద పట్టు సాధించారు. సోదరి సీతతో కలిసి సభల్లో పాడారు. జాతీయోద్యమ కాలంలో దేశభక్తి గీతాలు వారి కచేరీల్లో ప్రధాన భాగమయ్యాయి. కృష్ణశాస్త్రి ‘జయ జయ జయ ప్రియ భారత జనయిత్రి’ గీతాన్ని ఈనాటికీ బడిపిల్లలు పాడుతున్నారు. ఆ గీతానికి వరుస కూర్చినవారుగా అనసూయ ప్రసిద్ధులు.

ఆ రోజుల్లో స్త్రీ పదిమందిలో పాడడమంటే ఏమిటో ఇక్కడ గుర్తు చేసుకోవాలి. గ్రామఫోను తొలినాళ్లలో గాయనులు ఎక్కువమంది కళావంతుల కుటుంబాల నుంచి వచ్చినవారే. సంగీతం వారి వృత్తి, వారి విద్య. సంఘం ఆ విద్యను అనుభవించింది గాని, విద్వాంసురాలిని గౌరవించలేదు. సంస్కరణోద్యమం దేవదాసీ వ్యవస్థను ఖండించింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ అవమానకరమైన వ్యవస్థ పోవలసిందే. కాని వ్యవస్థతో పాటు ఆ స్త్రీల విద్యకు ఉన్న చోటు కూడా పోయింది. అదే కాలంలో చదువుకున్న మధ్యతరగతి ఇళ్ల ఆడపిల్లలు వేదిక ఎక్కారు, రికార్డులు ఇచ్చారు. సీత–అనసూయలది ఆ తరం. ఒక తలుపు తెరుచుకోవడం, మరో తలుపు మూసుకోవడం ఒకే కాలంలో జరిగాయి. రెంటినీ కలిపి చూడకపోతే స్త్రీల సంగీత చరిత్ర సగమే అవుతుంది.

మధ్యతరగతి తెలుగు కవి పల్లెను ‘కనుగొన్న’ కాలం కూడా అదే. 1925లో నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’ పుస్తకరూపం దాల్చాయి. పల్లెపడుచు మాటలో కవిత్వం ఉందని పట్నం ఒప్పుకుంది. అయితే ఆ పల్లెలో ప్రేమ కనిపించినంతగా పాలేరుతనం కనిపించలేదు. ఇంకోవైపు నేదునూరి గంగాధరం వంటివారు ఊరూరా తిరిగి నిజమైన పల్లెపాటలు సేకరించారు. మన జిల్లాలోని దేవునూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1956లో డాక్టరేట్ పొందారు. అంతకుముందు పండితుల దృష్టిలో సాహిత్యమే కాని పాట ఆ విధంగా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టింది. సేకర్తలు పాటకు కాగితం మీద చోటిచ్చారు. సీత–అనసూయలు వేదిక మీద చోటిచ్చారు. శాస్త్రీయ కచేరీలకు అలవాటు పడిన శ్రోతల చేత దంపుళ్లపాటను, నాట్లపాటను శ్రద్ధగా వినిపింపజేయడం చిన్న పని కాదు. వారి చారిత్రక ప్రాధాన్యం మొదట ఇక్కడ ఉంది.

తరువాతి అధ్యాయం రేడియో. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. భావగీతాలకూ పల్లెపాటలకూ ‘లలిత సంగీతం’, ‘జానపద సంగీతం’ అనే శీర్షికలు స్థిరపడింది రేడియోలోనే. సీత మద్రాసు కేంద్రంలో జానపద సంగీత విభాగం ప్రొడ్యూసరుగా పనిచేశారు, ఆంధ్రప్రదేశ్ జానపద సంగీతం మీద గ్రంథం రాశారు. అనసూయ పాటలను స్వరపరచి పుస్తకాలుగా తెచ్చారు. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆమెకు కళాప్రపూర్ణ ఇచ్చింది.

రేడియో పాటకు ఆశ్రయం ఇచ్చింది, అదే సమయంలో హద్దులూ గీసింది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. భారతీయ సంగీతానికి అది తగదని పై అధికారుల తీర్పు. ఊరి నాటకానికీ, భజనకూ, మధ్యతరగతి ఇంటికీ ప్రాణమైన ఆ పెట్టె స్టూడియో గుమ్మం దాటరానిదైంది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. హార్మోనియమే చేతివాద్యంగా పెరిగిన అనసూయ తరం కళాకారులు పాడిన కాలం ఇది. ఏది సంగీతమో, ఏది కాదో ప్రభుత్వ కార్యాలయం నిర్ణయించగలదని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

గ్రామఫోను పెట్టిన హద్దు మరో రకం. డెబ్బై ఎనిమిది చుట్ల రికార్డులో ఒక పక్క మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. నాటు వేసే పాటకు అటువంటి కొలత లేదు. మడి అయ్యేదాకా పాట సాగుతుంది. మడి పెద్దదైతే పాటలో కొత్త చరణం పుడుతుంది. ఆసామి గట్టు మీదికి వస్తే వాడిమీద ఒక చరణం పుడుతుంది. వాడు వెళ్లిపోయాక దానికంటే ఘాటైన చరణం పుడుతుంది. మూడు నిమిషాల రికార్డులో పట్టేది ఆ పాటలోని ఒక తునక మాత్రమే. పని ఆగిపోయి పాట మిగిలినప్పుడు, పాటలో నుంచి మొదట జారిపోయేది ఆ గట్టు మీది ఆసామే.

ఇక ఇద్దరు కలిసి పాడడం గురించి. దీన్ని సోదరీమణుల అన్యోన్యతగానో, కచేరీ అలంకారంగానో చూడడం పరిపాటి. నాకు ఇందులో శ్రమకు సంబంధించిన కారణం కనిపిస్తుంది. తిరగలిని, మా వైపు మాటలో ఇసుర్రాయిని, ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టి తిప్పుతారు. ఒక రోట్లో ఇద్దరు రోకళ్లు వేస్తే ఒకరిది లేచినప్పుడు ఇంకొకరిది పడాలి. ఒకరు అందిస్తే మరొకరు అందుకునే పాట ఆ లయలో నుంచే వచ్చింది. లయ తప్పితే రోకలి చేతిమీద పడుతుంది. బతుకమ్మ ఆడేటప్పుడు ఒకరు చెబితే గుంపంతా ‘ఉయ్యాలో’ అని అందుకోవడం దీనికి విస్తృత రూపం. కాబట్టి మైకు ముందు రెండు గొంతులు కలిసినప్పుడు, తెలిసినా తెలియకపోయినా, ఒక పాత పని పద్ధతి వినిపిస్తూనే ఉంది. పిండిమర, బియ్యం మిల్లు వచ్చి స్త్రీలకు కొంత చాకిరీ తప్పించాయి, మంచిదే. వాటితో ఆ పాటలకు ఆధారమైన పనీ పోయింది. పని పోయిన తరువాత కూడా పాట మిగలడానికి కారణమైన వారిలో ఈ ఇద్దరూ ఉన్నారు.

ఇద్దరు గాయనుల జంట అనేది మన దగ్గరే ఉన్న విషయం కాదు. జపానులో 1976 ఆగస్టులో ‘పింక్ లేడీ’ అనే జంట బయలుదేరింది. షిజువోకా ప్రాంతం నుంచి వచ్చిన మియె, కెయ్ అనే ఇద్దరు యువతులు టెలివిజన్ పోటీ ద్వారా ఎంపికయ్యారు. పాట అకు యూ రాస్తాడు, వరుస తొకురా షునిచి కడతాడు, అడుగులు ఇంకొకరు నేర్పుతారు. 1977 చివర వచ్చిన ‘యూఎఫ్ఓ’ పాటకు మరుసటి ఏడు జపాన్ రికార్డు బహుమతి వచ్చింది. పిల్లలు వీధుల్లో ఆ అడుగులే వేశారు. 1980లో అమెరికా టెలివిజన్‌కు తీసుకుపోయి, అంతంతమాత్రం వచ్చిన ఇంగ్లీషులో వారిచేత కార్యక్రమం చేయించారు. అది కొద్ది వారాలకే ఆగిపోయింది. 1981 మార్చి 31న టోక్యోలో వీడ్కోలు కచేరీతో జంట విడిపోయింది. అయిదేళ్లు నిండకుండానే ఒక సరుకు తయారై, అమ్ముడై, పాతబడింది.

ఈ రెండు జంటలకూ పోలిక పెట్టడం వింతగా తోచవచ్చు. కాని తేడా చూడండి. జపాను జంట విషయంలో పాట ఎవరిదో రికార్డు మీద స్పష్టంగా ఉంది. రాసినవాడికీ, కట్టినవాడికీ పేరుంది, హక్కుంది. ఇతరులు తీర్చిదిద్దిన బొమ్మలుగా కనిపించింది పాడిన ఆడపిల్లలే. మన జంట విషయంలో పాడినవారికి సొంత విద్య ఉంది, అరవై డెబ్బై ఏళ్లు నిలిచిన పేరుంది. లేనిది పాట కట్టినవారి పేరు. రికార్డు మీద ఆ చోట ‘జానపదం’ అనో, ‘సంప్రదాయం’ అనో ఉంటుంది. అక్కడ మార్కెట్టు గాయనిని వాడుకుంది. ఇక్కడ ఒక మాట వేలమంది కూలి స్త్రీలను కప్పేసింది.

దీన్ని సీత–అనసూయల మీద నేరారోపణగా తీసుకోవద్దు. ఆనాటి పండితులు, సేకర్తలు, రేడియో అందరూ ఆచరించిన పద్ధతి అది. జానపదమంటే కర్త లేని సాహిత్యమని పాఠ్యపుస్తకాలు నిర్వచించాయి. కర్త లేకపోవడం వేరు, కర్తను అడగకపోవడం వేరు.

అదే కాలంలో మరో దారి ఏర్పడింది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. ఆ దశకంలోనే ప్రజానాట్యమండలి బుర్రకథను, జముకుల కథను, గొల్లసుద్దులను ఉద్యమ వాహికలు చేసింది. షేక్ నాజర్ బుర్రకథ వేలమందిని కూర్చోబెట్టింది. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీలో దొరల దోపిడీని చెప్పాడు. బండి యాదగిరి దళంలో ఉండి పాట కట్టాడు. ఇక్కడ పల్లెపాటను ఎవరో వచ్చి సేకరించుకుపోలేదు. పల్లెవాడే తన బాణీలో తన కాలపు మాట పెట్టాడు. మూడు నిమిషాల కొలతలో జారిపోయిన ఆసామి ఈ పాటలో దొరగా మళ్లీ ప్రత్యక్షమయ్యాడు.

ఈ రెండు దారులూ కలిసిన చోటు ‘మా భూమి’ సినిమా. కృష్ణచందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా 1979లో తయారైన చిత్రమది. 1947 నాటి సుంకర, వాసిరెడ్డిల ‘మా భూమి’ నాటకం దీనికి మూలం కాదు, పేరొక్కటే సమానం. ఈ చిత్ర సంగీత బాధ్యత వహించింది వింజమూరి సీత. భావకవి ఇంట పెరిగిన విదుషి, రేడియోలో జానపద విభాగం నడిపిన నిపుణురాలు, దళంలో పుట్టిన పాటకు పనిచేశారు. యాదగిరి ‘బండెనక బండి కట్టి’ని గద్దర్ పాడాడు. గజ్జె, గొంగళి, కర్ర, ఆ గొంతు ఉన్నవి ఉన్నట్టుగానే తెరమీదికి వచ్చాయి. హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’ పసులకాపరి పిల్లవాడి బతుకును దేశం ముందు పెట్టింది. ఆ పాటలకు లాలిత్యం అద్దకుండా, వాటి గరుకుతనాన్ని గౌరవించి వదిలిన సంగీతం అది. నా దృష్టిలో వింజమూరి సోదరీమణుల కృషికి అది పరిణతి. పాటను సభకు తగినట్టు దిద్దడంతో మొదలైన ప్రయాణం, సభనే పాట దగ్గరికి నడిపించడంతో పరిపూర్ణమైంది.

అయినా సమస్య తీరలేదు. హనుమకొండలో సాహిత్య విద్యార్థులతో మాట్లాడేటప్పుడు ‘బండెనక బండి కట్టి’ ఎవరు రాశారని నేను తరచు అడుగుతాను. గద్దర్ అనేవారు ఎక్కువమంది. మిగిలినవారిలో చాలామంది ‘అది జానపదం సార్’ అంటారు. యాదగిరి పేరు చెప్పేవారు ఒకరిద్దరు. పోరాటంలో ఉండి పాట కట్టిన మనిషి, ఒకటి రెండు తరాల్లోనే పాడినవాడి వెనక్కో, జానపదమనే మాట వెనక్కో పోయాడు. పేరు తెలిసినవాడి గతే ఇదైతే, నాట్ల మడిలో చరణం కట్టిన ఆడమనిషి గతి చెప్పనవసరం లేదు.

చట్టం కూడా ఆమెకు తోడు లేదు. 1957 కాపీరైటు చట్టం రచయితను గుర్తించింది. 1994 సవరణ పాడినవారి హక్కును గుర్తించింది. తరతరాలుగా ఒక సమూహం మోసుకొచ్చిన పాటకు మాత్రం ఆ చట్టంలో యజమాని లేడు. ఇవాళ మన జిల్లాల పల్లెపాట యూట్యూబులో పెద్ద వ్యాపారమైంది. ఊళ్లో ఒక ముసలమ్మ పాడిన పాటకు కొత్త దరువు వేసి, ఒక చరణం మార్చి, రచన ఫలానా అని సొంత పేరు వేసుకునే వారున్నారు. పూర్వం కర్త పేరు లేకుండా పోయేది. ఇప్పుడు కర్త పేరు చోట ఇంకొకరి పేరు వస్తున్నది. ఇది అభివృద్ధి కాదు.

అనసూయాదేవి చివరి కాలం అమెరికాలోని హ్యూస్టన్‌లో గడిపి 2019 మార్చి 23న, తొంభై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూశారు. సంతాప వ్యాసాలు ఆమెను జానపద గేయానికి గౌరవం తెచ్చిన మహనీయురాలిగా కీర్తించాయి. ఆ కీర్తి న్యాయమైనదే. అయితే గౌరవం పాటకు వచ్చింది, పాట కట్టినవారికి ఇంకా రాలేదు. మిగిలిన ఆ సగం పని మనది.

అందుకు గొప్ప సిద్ధాంతాలు అక్కర్లేదు. ఈ సెలవుల్లో ఊరికి వెళ్లే సాహిత్య విద్యార్థి ఒక పాట రాసుకుంటే, దాని కింద నాలుగు సంగతులు కూడా రాయాలి: పాడినవారి పేరు, ఊరు, ఏ పని చేస్తూ పాడేవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. పేరు రాసే ముందు వారిని అడిగి రాయాలి. వ్యాసం రాసే విమర్శకుడు ‘జానపదం’ అన్న మాటతో సరిపెట్టే ముందు, ఆ పాట కర్త కోసం తాను వెతికాడో లేదో చెప్పాలి. ఈ పద్ధతి మన పత్రికల్లో మొదలైతే, తరువాతి తరం చరిత్రకారుడు పాడిన రెండు గొంతులతో పాటు అందించిన గొంతుల పేర్లు కూడా రాయగలుగుతాడు.