ఒంటి చుక్క

మా దర్శి ఆ కాలంలో నెల్లూరు జిల్లాలోనిది. అమెరికా బాప్టిస్టు సంఘాల చందాలతో నడచిన నెల్లూరు మిషను ఫలితం లేనిదనీ, మూసివేయవలసిందేననీ 1853లో ఆల్బనీ సభలో కొందరు వాదించారు. పటంలో ఒంటి చుక్కగా ఉన్న నెల్లూరు మీద సామ్యూల్ స్మిత్ ఆ రాత్రే గీతం వ్రాయగా సభ మనసు మార్చుకొన్నదంటారు. చందాలు ఆగలేదు.

1876-78 ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్లు గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. ఆ సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపివేశాడు. అటుపిమ్మట 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో, ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

"కూటికోసం కలిశారు" అన్న మాట చిన్ననాడు నేనూ విన్నాను, నమ్మాను కూడా. పద్యాలు వల్లెవేసినంత సులువుగా నమ్మాను! కూటికే అయితే కరువు నడుమనే ముంచవచ్చు గదా? అంతకు ముందే, 1867 నాటికే, యోగసాధన చేసిన మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య తనవారిని క్లౌ వద్దకు నడిపించాడు. అప్పటికింకా కరువు లేదు, కాలువ కూలీ లేదు.