పత్తి ఆకు బెండాకైన వైనం

డోర్నకల్ పరిసరాల చెల్కల్లో గట్టుకు ఒక పక్క మక్కజొన్న, మరో పక్క పత్తి పెరిగే చోట, మక్కకు 2,4-డి అనే కలుపు మందు కొట్టినప్పుడు గాలి పత్తి వైపు మళ్లితే, వారం పది రోజుల్లో పత్తి కొసలకు వింత ఆకులు పుట్టుకొస్తాయి. అరచేతిలా విచ్చుకోవలసిన ఆకు సన్నని వేళ్లుగా చీలి బెండాకును తలపిస్తుంది. దానిని ఎండకు పట్టి చూస్తే, వలలా అల్లుకోవలసిన ఈనెలు ఒకదానికొకటి ఆనుకుని, దాదాపు సమాంతరంగా కొసదాకా సాగి కనిపిస్తాయి. దీనిని తెగులుగా పొరబడి పురుగు మందు కొట్టేవారూ ఉన్నారు కానీ, గట్టు వెంబడి ఎక్కువగానూ చేను లోపలికి వెళ్లేకొద్దీ తక్కువగానూ ఉండే తీరు గాలివాటును పట్టిస్తుంది. చెట్టు మొదట్లోని ముదురాకులు మాత్రం ఏ మార్పూ లేకుండా వెడల్పుగానే ఉంటాయి.

అసలు గుట్టు ఈ ముదురాకుల్లోనే ఉంది. ఆకు ఆకారమూ ఈనెల దారులూ చాలావరకు అది మొగ్గలో ముడుచుకుని ఉన్నప్పుడే ఖరారవుతాయి; ఖరారు చేసేవాటిలో ముఖ్యమైనది ఆక్సిన్ అనే హార్మోను, అంటే మొక్క ఒకచోట తయారుచేసుకుని మరోచోటికి పంపే, అతి స్వల్ప మోతాదులోనే పనిచేసే పదార్థం.

దాని జాడ మొదట చిక్కింది గడ్డి మొలకల్లో. చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ మొలక కొసకు చిన్న టోపీ తొడిగితే అది వెలుతురు వైపు వంగదని చూపి, కొస నుంచి కిందికి ఏదో ప్రభావం దిగుతోందని 1880లో ప్రకటించారు. ఆ ‘ఏదో’ ఒక పదార్థమేనని తేల్చినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రిట్స్ వెంట్. ఓట్స్ మొలకల కొసలు కోసి అగర్ ముక్కలపై ఉంచి, తరువాత ఆ ముక్కలను కొస లేని మొలకపై ఒక పక్కకు పెడితే మొలక రెండో పక్కకు వంగడాన్ని ఆయన గమనించి 1928లో ప్రచురించాడు. మొక్కల్లో ఆ పదార్థం మరీ కొద్దిగా ఉండటంతో, 1934లో ఫ్రిట్స్ కోగ్ల్ బృందం దానిని మనిషి మూత్రం నుంచి వేరుచేయవలసి వచ్చింది. అదే ఇండోల్ అసిటిక్ ఆమ్లం.

2,4-డి దానికి కృత్రిమమైన జ్ఞాతి. అమెరికాలోని బాయిస్ థామ్సన్ సంస్థలో జిమ్మర్‌మన్, హిచ్‌కాక్ 1942లో దానిని ఆక్సిన్‌లా పనిచేసే పదార్థంగా పరిచయం చేశారు. ఇటువంటి రసాయనాలు ఆకుల ఆకారాన్నే మార్చివేస్తాయని కూడా వారు గమనించారు. కలుపు మందుగా అది అంగడికి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళకు. పత్తి చేలో నేడు తెగులులా భయపెట్టే లక్షణం ఆ మందు పుట్టుకలోనే నమోదై ఉందన్నమాట.

ఈనెల సంగతికి వస్తే, 1960ల చివరి నుంచి జెరూసలేంలో ట్స్వి సాక్స్ చేసిన పరిశోధన దారి చూపింది. చెల్క మీద వాన నీరు ఒకసారి తొలిచిన గాడిలోకే మళ్లీ మళ్లీ చేరి, గాడిని వాగుగా మార్చినట్లు, ఆక్సిన్ పారిన కణాల వరుస దానిని మరింత బాగా పారించగలిగి, చివరకు ఈనెగా స్థిరపడుతుందని ఆయన ప్రతిపాదన. ఆ ప్రవాహాన్ని నడిపే ప్రోటీన్లకు ‘పిన్’ అని పేరు. వాటిలో ఒకటి లోపించిన ఆవజాతి మొక్క పూలు లేని గుండుసూది వంటి కాడలు వేయడమే ఆ పేరుకు కారణం. 1998లో ఆ ప్రోటీన్ కణానికి ఒకే కొసన చేరి ఉంటుందని తెలిసింది. వాలు ఎటో నిర్ణయించేది అదే. కణ విభజనను ప్రేరేపించే సైటోకైనిన్లు, కణాలను పొడవు సాగదీసే జిబ్బరెల్లిన్లు కూడా ఆకు రూపంలో పాలుపంచుకుంటాయి కానీ, ఈనెల దారి వేయడంలో పెద్దపీట ఆక్సిన్‌దే.

సొంత ఆక్సిన్‌ను మొక్క పని కాగానే విరగ్గొట్టో, మరో అణువుకు కట్టిపడేసో అదుపు చేసుకుంటుంది. 2,4-డిని పత్తి అంత సులువుగా వదిలించుకోలేదు. అది నిలిచిపోయిన లేతాకులో ఈనెల నడుమ పరుచుకోవలసిన పత్రదళం పెరగక, ఈనెలు మాత్రం దగ్గరదగ్గరగా మిగిలిపోతాయి. పుట్టుకతోనే సమాంతర ఈనెలున్న మక్కజొన్నను అంతగా బాధించని మందు, పత్తి ఆకును కొంచెం మక్కాకు పోలికకు తేవడం వింతే. పత్తిలో జన్యువు వల్లనే బెండాకు పోలిక వచ్చిన రకాలు వేరే ఉన్నాయి. వాటిలో ఈనెలు ఇలా ఇరుక్కోవు.

గాలి ఒక్కటే కారణం కాదు. మక్కకు కొట్టిన డబ్బాను సరిగా కడగకుండా పత్తికి వాడితే, గొట్టంలోనూ నాజిల్‌లోనూ మిగిలిన కాస్త మందే ఈ పని చేయగలదు. దెబ్బ తేలికగా తగిలిన చెట్టు కొన్ని వారాలకు తేరుకుంటుంది; కింద మామూలు ఆకులు, నడుమ బెండాకుల వంటివి, ఆపైన మళ్లీ వెడల్పాటి పత్తి ఆకులు ఒకే కాడ మీద వరుసగా నిలిచి, మందు తగిలిన నాటికి ఏ ఆకు ఇంకా మొగ్గలో ఉన్నదో చూపుతాయి.